గట్టు మీద ఒద్దిక

“నేనిలా రాయలేదు,” అంది కస్తూరి.

తెచ్చిన రెండు ఫోన్లనీ వకుళ ముందున్న బల్ల మీద పక్కపక్కన పడేసింది. ఒకటి తనది. రెండోది అద్దం బీటలువారి, అంచులకి రొయ్యల మేత పొడి అంటుకుని ఉంది. అదెవరిదని వకుళ అడిగేలోగా మెట్ల మీద ఆయాసం వినిపించింది. గన్నెయ్య గుమ్మంలోకి వచ్చి తలుపు పట్టుకుని నిలబడ్డాడు.

“నా ఫోనండీ అది! చూసిస్తానని లాక్కుని కారెక్కేశారండి. ఆకివీడు నుంచి భీమవరం దాకా ఎనకాలే బండేసుకొచ్చేనండి.”

“కూచో. నోరు మూసుకుని కూచో,” అంది కస్తూరి.

అతను కూచున్నాడు. ఆకివీడు చుట్టుపక్కల రొయ్యల చెరువులున్న ఎవరైనా అలాగే కూచుంటారు. నీళ్ళూ రొయ్యలూ పరీక్షించే ల్యాబ్ నడుపుతుందామె. సూక్ష్మజీవుల మీద డాక్టరేట్ చేసింది. ఆమె చెప్పిన రోగం తప్పవడం ఎవరూ చూడలేదు. ఆమె చేత తిట్లు తినకుండా రిపోర్టు పట్టుకెళ్ళినవాణ్ణీ ఎవరూ చూడలేదు. వకుళకి స్వయానా వదిన, అన్నయ్య భద్రం భార్య. తల్లి పోయిన ఏడాది ఆ ఇంటికి కోడలిగా వచ్చి, పదో తరగతిలో ఉన్న వకుళకి జడలేసి, లెక్కలు చెప్పి, రోజూ తిట్టి, పైచదువుకి పంపిన మనిషి.

“చదువు,” అంది కస్తూరి తన ఫోను చూపిస్తూ.

“గన్నెయ్యా, నీ చెరువులో అమ్మోనియా పెరిగిందని మొత్తుకుంటున్నా. మేత తగ్గించమంటే పెంచుతావా? నువ్వు రొయ్యల్ని సాకుతున్నావా, సమాధి చేస్తున్నావా? నీ బుర్రలో కూడా చెరువు అడుగు బురదే ఉందా?”

“ఇప్పుడు వాడిది చదువు.”

పగిలిన అద్దం కింద అదే పోస్టు, అదే పేరు, అదే సమయం. “గన్నెయ్యగారూ, మీ చెరువు నీటిలో అమ్మోనియా కాస్త ఎక్కువగా కనిపిస్తోంది. వీలున్నప్పుడు మేత సంగతి దయచేసి ఒకసారి చూసుకోగలరు. మీ శ్రమకి మంచి ఫలితం రావాలని కోరుకుంటూ.”

“నా జన్మలో ఎవరికీ ‘కోరుకుంటూ’ అని రాయలేదు,” అంది కస్తూరి.

“నాకైతే బానే ఉందండి,” అన్నాడు గన్నెయ్య మెల్లగా. “ఈ మధ్యన కస్తూరమ్మగారు శానా మెత్తబడిపోయేరని మా ఇంట్లో కూడా అనుకుంటున్నామండి.”

“మేత తగ్గించావా?”

“వీలున్నప్పుడన్నారు కదండీ.”

కస్తూరి వకుళ వైపు చూసింది. ఆ చూపుకి వకుళ తల దించుకుంది. కస్తూరి గన్నెయ్య ఫోను అతనికిచ్చి, మేత ఈ పూటే సగానికి తగ్గించమని చెప్పి పంపేసి, తలుపు వేసింది.

వకుళకి ఇక దాచడానికేమీ లేదు. మొదట్నుంచీ చెప్పింది.

“గట్టు” అనేది ఆ ప్రాంతపు రొయ్య రైతుల చర్చావేదిక. సీడు, అంటే రొయ్య పిల్ల ఎక్కడ బావుంది, మేత ఎవరిది మంచిది, రొయ్య ఎందుకు తేలుతోంది, అన్నీ ఫోనుల్లో అక్కడే మాట్లాడుకుంటారు. మొదట్లో దాని జబ్బు వేరు. పోస్టులు దారిలో తప్పిపోయేవి. కొన్ని రెండేసిసార్లు వచ్చిపడేవి. ఒక్కోసారి ప్రశ్న కంటే జవాబు ముందు చేరేది. “తెలీకపోతే మాట్లాడకు” అన్న జవాబు ఎవరికి రాసిందో అర్థంకాక, ఆ పూట పోస్టు పెట్టిన ప్రతివాడూ తననే అన్నారనుకునేవాడు. అలాంటి ఒక జవాబు మీద మేత కొట్టు ముందు ఇద్దరు తలలు పగలగొట్టుకున్నారు. నిర్వాహకులు మర్యాద నియమాలు రాసి పైన అతికించారు. పెద్దల పేరుకి గారు చేర్చాలనీ, ఒకే సంగతి పదిచోట్ల పెట్టకూడదనీ, చెరువు గొడవలోకి కులం తేకూడదనీ రాశారు. జనం ఆ నియమాల కిందే తిట్టుకున్నారు.

వకుళ పనిచేసే పరిశోధన సంస్థకి గట్టును బాగుచేసే పని అప్పగించారు. పోస్టులు తప్పిపోకుండా, వరస తప్పకుండా చేరేటట్టు ఆమె చేసింది. దాంతో తిట్లు కూడా వరస తప్పకుండా చేరడం మొదలైంది. నిర్వాహకులు ఒక్కొక్కరే తప్పుకున్నారు. అప్పుడు వకుళకి తట్టింది: కోపంగా రాసిన మాటని చదివేవాడు సగంలో వదిలేస్తాడు. తిట్టు దగ్గర ఆగిపోయి, తిట్టు వెనకాల ఉన్న విషయం దాకా రాడు. అంటే అదీ దారిలో తప్పిపోయిన పోస్టే కదా. తప్పిపోకుండా చూడటం తన పనే కదా.

అలా పుట్టింది ఒద్దిక, గట్టు వెనక పనిచేసే యంత్రం. చదివేవాడు ఏ మాట దగ్గర ఆగుతాడు, దేన్ని చూడగానే ఫోను పక్కన పడేస్తాడు, ఏ మాటకి వేళ్ళు దడదడలాడిస్తూ జవాబు కొడతాడు, ఇవన్నీ గమనించి, ఎవరి ఓర్పు ఎంతో నేర్చుకుంటుంది. పోస్టును ఆ ఓర్పుకి సరిపడా మెత్తబరిచి చూపిస్తుంది. రాసినవాడికి మాత్రం తను రాసిందే కనిపిస్తుంది. మొదటిసారి పరీక్షించినప్పుడు సంచాలకుడు ఫల్గుణరావు తన గదిలోంచి ఒక ముక్క పంపాడు: “ఇంత ఆలస్యం చేసినందుకు మిమ్మల్నందరినీ పీకెయ్యాలి.” వకుళ ఫోనులో “త్వరలో పూర్తిచేస్తారని ఎదురుచూస్తున్నాను” అని వచ్చింది. రోజూ ఆయన చేత తిట్లు తినే డ్రైవరు ఫోనులో దాదాపు పంపింది పంపినట్టే వచ్చింది. ఫల్గుణరావు పకపకా నవ్వాడు.

గట్టు సభ్యులందరూ కొత్త నిబంధనల కింద “ఒప్పుకుంటున్నాను” నొక్కారు. ఎవరూ చదవలేదు. ఏడాది తిరిగేసరికి గట్టు మీద కొట్లాటలు ఆగిపోయాయి.

“ఆపెయ్,” అంది కస్తూరి, అంతా విని.

“ఒకరికి ఆపడం కుదరదు వదినా.”

“అందరికీ ఆపెయ్. నా పేరుతో నేను రాయని మాట ఊరంతా తిరుగుతోంటే నాకు ఒళ్ళు మండుతోంది. నన్ను అడిగావా?”

“నొక్కావు కదా, ఒప్పుకున్నట్టు.”

“సిగ్గులేకుండా ఆ మాట మళ్ళీ అనకు!” బల్ల మీద అరచెయ్యి వేసి కొట్టింది. “నువ్వు నా చేతుల్లో పెరిగినదానివి. నా నోట్లోంచి మాట లాక్కుని చక్కెర పూసి అమ్ముకుంటావా?”

“చక్కెర పూస్తేనే వింటున్నారు. నువ్వు తిడితే ఎవరు విన్నారు వదినా ఇన్నాళ్ళూ? అన్నయ్యే వినలేదు!”

ఆ మాట జారిపోయాక వకుళ నాలుక కరుచుకుంది. కస్తూరి అలాగే నిలబడిపోయింది. ఆమె ముఖంలో కోపం ఎక్కడిదక్కడే ఉండి, దాని కింద ఇంకేదో కదిలింది.

“మీ అన్నయ్యకీ ఇలాగే వెళ్ళాయా? నా రాతలు?”

వకుళ తల ఊపింది.

అంతకుముందు, భార్య నోరు పడలేక రెండేళ్ళు భద్రం ఇంటికి రాలేదు. చెరువు గట్టు మీది షెడ్డులోనే వంట, పడక. భార్య నంబరు ఫోనులో బ్లాక్ చేసేశాడు. ఆమె మాట అతనికి చేరేది ఫోనులో గట్టు వేదిక మీద ఒక్కచోటే. కిందటి వేసవిలో ఒక ఉదయం గంపెడు పీతలతో ఇంటి ముందు దిగాడు. బ్లాకూ తీసేశాడు. “మీ వదిన మారిందే, వకుళా. చదువుతుంటే తెలుస్తోంది,” అని చెల్లెలికి ఫోన్ చేసి చెప్పాడు. ఆ గొంతులో సంతోషం విని వకుళ ఊరుకుంది. తన చేతుల్లో పుట్టినది తన పుట్టింటిని నిలబెట్టిందని లోలోపల గర్వపడింది కూడా.

కస్తూరి తన ఫోను తీసుకుని సంచిలో వేసుకుంది. ఆపమని మళ్ళీ అనలేదు. మెట్లు దిగి వెళ్ళిపోయింది.

*

ఆపమని గట్టిగా పట్టుబట్టి ఉంటే బావుండేదని ఇద్దరూ తర్వాత అనుకున్నారు. అప్పుడు మాత్రం ఇద్దరూ ఊరుకున్నారు.

వానాకాలం ముందు, పంట కౌంటుకి, అంటే అమ్మే సైజుకి వచ్చే రోజుల్లో, ఏడుకొండలు అనే రైతు రొయ్యలు గట్టు అంచుకి వచ్చి తేలుతున్నాయని నాలుగు సీసాల్లో వేసి పంపాడు. కస్తూరి పరీక్ష చేసి మరోసారి చేసింది. తెల్లమచ్చ వైరస్. అది పట్టిన చెరువులో రొయ్య రోజుల్లో చచ్చిపోతుంది. ఆ నీళ్ళు బయటికి వదలకుండా తూములు మూసి, బ్లీచింగ్ చల్లి చంపాలి. ఏడుకొండలుకి ఫోన్ చేస్తే అతని భార్య ఎత్తింది. “ఆయన తూము దగ్గరున్నారండి. రొయ్య పూర్తిగా చావకముందే నీళ్ళు తీసేసి పట్టేద్దామని,” అంది. అంటే రోగపు నీళ్ళు అప్పటికే మురుగుకాలవలోకి పారుతున్నాయి. ఆ కాలవ పొడుగునా వందల చెరువులు. అందరూ నీళ్ళు తోడుకునేది దాన్నుంచే.

కస్తూరి కారు నడుపుతూనే గట్టు మీద పోస్టు పెట్టింది. వెంటనే వకుళకి ఫోన్ చేసింది.

“ఇది నేను రాసింది రాసినట్టు వెళ్ళాలి. ఒక్క అక్షరం ముట్టుకోకూడదు.”

“వదినా, ఒకరికి ఆపడం...”

“అయితే అందరికీ ఆపు! తెల్లమచ్చ, వకుళా! ఎవడైనా ఇప్పుడు మోటరు వేశాడంటే వాడి చెరువు పోయినట్టే.”

వకుళ ఫల్గుణరావు గదికి పరిగెత్తింది. లోపల ఢిల్లీ నుంచి వచ్చినవాళ్ళున్నారు. దేశమంతటా ఇలాంటి వేదికలకి ఒద్దిక పెట్టాలని చూడటానికొచ్చారు. ఫల్గుణరావు గుమ్మం దాకా వచ్చి తగ్గు గొంతుతో అడిగాడు.

“ప్రమాదం ఉంటే ఒద్దిక ఆ సంగతి పోగొట్టదని నాకు చెప్పింది మీరే కదా?”

“అవునండీ, కానీ...”

“మరి ఇవాళే నమ్మకం లేదా మీకు? వాళ్ళ ముందు ఆపమంటారా?”

నమ్మకం లేదని అనలేకపోయింది. తను కట్టినది. విషయం పోదు, తిట్లే పోతాయని వందసార్లు చెప్పినది. బయటికి వచ్చి వదినకి ఫోన్ చేసి అదే మాట చెప్పింది. అవతల కస్తూరి ఒక బూతు మాట అని పెట్టేసింది.

కస్తూరి రాసింది ఇది: “ఏడుకొండలు చెరువుకి తెల్లమచ్చ. వాడు ఆ నీళ్ళు కాలవలోకి వదులుతున్నాడు. వాడి చెయ్యి విరగ్గొట్టి తూము మూయించడానికి వెళ్తున్నాను. ఇప్పుడు మోటరు వేసే ప్రతి వెధవా తన చెరువుని తనే చంపుకున్నట్టు. మా ఆయనగారితో సహా అందరికీ చెప్తున్నా. మోటర్లు ఆపి చావండి.”

ఓర్పు ఎక్కువున్న కొందరికి అది కాస్త అటూ ఇటూగా అలాగే వెళ్ళింది. వాళ్ళు మోటర్లు ఆపేశారు. ఓర్పు తక్కువున్నవాళ్ళకి కాలవ నీటిలో తెల్లమచ్చ అనుమానం ఉందని, కొద్దిరోజులు జాగ్రత్త పడితే మంచిదని వెళ్ళింది. తిట్టు చూస్తే చాలు ఫోను విసిరికొట్టే భద్రానికి అందరికన్నా మెత్తగా వెళ్ళింది: “కాలవ నీటి నాణ్యత గురించి కొన్ని సందేహాలున్నాయి. మోటరు వేసేముందు వీలైతే ఒకసారి ఆలోచించగలరు. మీ క్షేమం కోరుతూ.”

కస్తూరి అతనికి ఫోన్ చేసింది కూడా. చెరువులో నీటికి గాలి పట్టించే ఏరేటర్లు హోరెత్తుతుంటే అతనికి వినపడలేదు. పోస్టు మాత్రం చదివాడు. చదివి చిన్నగా నవ్వుకున్నాడని, పక్కన మేత వేస్తున్న మనిషితో “మీ అమ్మగారు నా క్షేమం కోరుతోందిరోయ్” అన్నాడని తర్వాత తెలిసింది. చెరువులో నీళ్ళు తగ్గి ఉన్నాయి. ఆలోచించాడు. మోటరు వేశాడు.

*

కస్తూరి వెళ్ళి తూము మూయించేసరికే నీళ్ళు చాలావరకు కాలవలో కలిసిపోయాయి. వారం తిరక్కుండా కాలవకి రెండువైపులా చెరువుల అంచులు ఎర్రబడ్డాయి. చచ్చిన రొయ్యల మీద కాకులు, కొంగలు వాలుతున్నాయి. ఆ వాసనకి ఊళ్ళలో తలుపులు మూసుకున్నారు. కాలవ ఒడ్డునున్న భద్రం నాలుగు చెరువులూ పోయాయి.

జనం కస్తూరి ల్యాబ్ ముందు పోగయ్యారు. మనుషులు ఎదురెదురుగా నిలబడినప్పుడు మెత్తబరిచేవాళ్ళెవరూ ఉండరు. వకుళ వెళ్ళేసరికి కిటికీ అద్దాలు రోడ్డు మీదున్నాయి. ఎవరో తన ఫోను ఎత్తి చదువుతున్నాడు.

“‘జాగ్రత్త పడితే మంచిది’ అంట! తెల్లమచ్చని తెలిసినోళ్ళు రాసే మాటేనా ఇది?”

“నా ఫోనులో ‘మోటర్లు ఆపండి’ అనుందిరా!” అన్నాడు ఇంకొకడు.

ఫోన్లు పక్కపక్కన చేరాయి. ఒకటి చదివాక ఇంకొకటి. ఏ రెండూ ఒకలా లేవు. ఆ సంగతి అర్థమయ్యేకొద్దీ గుంపు గొంతు మారింది.

“ఒక్కోడికి ఒక్కోలా రాసిందిరా! తనకి కావలసినోళ్ళకి సరిగ్గా చెప్పుకుంది. మనల్ని ముంచింది!”

“ఏడుకొండలుతో కుమ్మక్కయింది. ఆడు రొయ్యలు పట్టుకునేదాకా మనల్ని నిద్రపుచ్చింది!”

“నేనందరికీ ఒకటే రాశాను!” అని అరిచింది కస్తూరి గుమ్మంలోంచి, తన ఫోను చూపిస్తూ. “చూడండి, కళ్ళున్నాయా మీకు?”

“ఇప్పుడు మార్చి రాసుకున్నావు!”

వకుళ గుంపులోకి చొచ్చుకుపోయి గొంతు చించుకుని చెప్పింది. మార్చింది యంత్రమని, ఆ యంత్రం చేసింది తనేనని. ముందువరసలోని మనిషి ఆమెని ఎగాదిగా చూశాడు.

“ఈవిడెవరు? ఆవిడ ఆడపడుచే కదా? ఇంకేం చెప్తుంది!”

ఫల్గుణరావు అప్పటికే పత్రికలవాళ్ళకి చెప్పేశాడు, ఒద్దిక అసభ్య పదాలు తొలగిస్తుంది తప్ప అర్థం మార్చదని.

అప్పుడు భద్రం ముందుకొచ్చాడు. బురద కాళ్ళతో, చేతిలో ఫోనుతో. జనం తోవ ఇచ్చారు. భార్య ముందు నిలబడి తన ఫోనులోది పైకి చదివాడు. “వీలైతే ఒకసారి ఆలోచించగలరు.”

“ఎవడెవడికో ఆపమని రాశావు. నాకు మాత్రం ఇలా ఎందుకు రాశావు కస్తూరీ?”

అంతమంది తిట్లకి అంతకన్నా గట్టిగా జవాబిచ్చిన కస్తూరి, ఆ ఒక్క ప్రశ్నకి వకుళ వైపు చూసింది. ఒక ఇటుక వచ్చి ఆమె భుజానికి తగిలింది. పోలీసులు రావడంతో గుంపు వెనక్కి తగ్గింది.

*

అసలు రాతలు ఉన్నాయి. గట్టు మీద ఎవరేది రాసినా రాసింది రాసినట్టు ఒకచోట మూటకట్టి ఉంది. సంస్థలో ఎవరైనా దొంగచాటుగా ఒక్కొక్కటి తీసి చదువుతారేమోనని వకుళే దానికి ఒక్క తాళం పెట్టింది. ఒక్క పోస్టు విడిగా తియ్యడానికి వీల్లేదు. తీస్తే ఒద్దిక ఆగిపోయి, మొత్తం మూట అందరి ముందూ విచ్చుకుంటుంది. ఎవరి గురించి ఎవరు ఏమన్నదీ ప్రతివాడికీ కనిపిస్తుంది. ఇన్నాళ్ళూ పళ్ళు కొరుకుతూ రాసిన ప్రతి మాటా.

“మీ వదినగారు నిర్దోషి అని తేలుతుంది. ఒప్పుకుంటాను,” అన్నాడు ఫల్గుణరావు. ఆ మధ్యాహ్నం అతను నిజంగానే భయపడుతున్నాడు. “మిగతావాళ్ళ మాటేమిటి? అన్నదమ్ములు ఉన్నారు, పక్కపక్క గట్లవాళ్ళున్నారు. ఎదుటివాడు తనని గౌరవిస్తున్నాడనుకుని ఏడాదిగా కలిసి తింటున్నారు. చెరువులు పోయి మండిపోతున్నవాళ్ళ చేతికి ఇప్పుడు ఇది కూడా ఇస్తారా? తలలు తెగుతాయి.”

“కాలవ దిగువన ఇంకా మోటర్లు నడుస్తున్నాయండీ. వాళ్ళ ఫోనుల్లో ఇంకా ‘వీలైతే ఆలోచించగలరు’ అనే ఉంది.”

“మనుషుల్ని పంపిద్దాం. మైకులో చెప్పిద్దాం.”

“మా వదినని కుమ్మక్కు మనిషంటున్నారు. ఆవిడ పేరు చెబితే ఎవరు ఆపుతారు?”

“మీ అన్నగారి సంసారం గురించైనా ఆలోచించండి,” అన్నాడతను. ఆ సంగతి ఎప్పుడో వకుళే మురిపెంగా అతనికి చెప్పుకుంది.

అంతకుముందు నుంచీ ఆమె ఆలోచిస్తున్నది దాని గురించే. పీతల గంప దించుతున్న అన్నయ్య. కొత్త చీర కట్టుకుని, ఎవరూ చూడలేదనుకుని అద్దంలో చూసుకుంటున్న వదిన. ఆ రెండు ముఖాల్లోని సంతోషమూ తను రాసిందే. ఇద్దరిలో ఎవరికీ తెలియకుండా.

తన గదికి వెళ్ళి కూర్చుంది. గట్టు మీద ముందు ఒక ప్రకటన పెట్టింది. తన పేరు, తను చేసిన పని, కాలవ సంగతి కస్తూరి చెప్పినప్పుడు యంత్రం ఆపకపోవడం, అన్నీ. ఆ ప్రకటన కూడా కొందరికి మెత్తబడే చేరుతుందని తెలుసు. తాళం తీసేదాకానే కదా. తీసింది.

*

ఊరూరా ఫోన్లు మోగాయి.

కాలవ దిగువన మోటర్లు ఆగాయి. అది నిజం. ఆ వైపు చెరువులు చాలావరకు బతికాయి. మిగతాదీ నిజమే. ఉండి ఊరి దగ్గర అన్నదమ్ములిద్దరు ఉమ్మడి చెరువుకి అడ్డంగా తడిక కట్టారు. చింతలపాటివారి పిల్ల సంబంధం తాంబూలాలయ్యాక తప్పిపోయింది. వియ్యంకుడు కాబోయే మనిషి గట్టు మీద తన వంశాన్ని ఏమన్నాడో పెళ్ళికొడుకు తండ్రి చదివాడు. మేత కొట్ల దగ్గర జట్లుజట్లుగా కొట్టుకున్నారు. గన్నెయ్య కూడా పక్క చెరువు మనిషి చేత దెబ్బలు తిన్నాడు. అతను మాత్రం తిన్నగా రాశాడా ఏంటి?

వకుళని సంస్థలోంచి తీసేశారు. ఆమె ఫోను నిండా శాపాలు. మెత్తబరిచేది ఏదీ లేదు, అన్నీ వచ్చినవి వచ్చినట్టే వచ్చాయి. కూర్చుని ఒక్కొక్కటే చదివింది. కొన్ని చదివిన పూట అన్నం తినలేకపోయింది.

భద్రం మాత్రం ఎవరితోనూ కొట్లాడలేదు. షెడ్డులో మంచం మీద కూచుని భార్య ఏడాదిపాటు రాసినదంతా మొదట్నుంచీ చదివాడు. చదివాక ల్యాబుకి వచ్చాడు. పగిలిన కిటికీకి కస్తూరి మేత సంచుల పట్టా కడుతోంది. వకుళ కింద నుంచి మేకులు అందిస్తోంది. అతను చెల్లెలి వైపు చూడలేదు.

“నాకు అసలుది అందుంటే మోటరు వేసేవాణ్ణి కాను,” అన్నాడు.

“చదివేవారా అసలు?” స్టూలు దిగకుండానే అడిగింది కస్తూరి. “ఆ రెండేళ్ళూ నా నంబరు బ్లాక్ చేసింది యంత్రమా?”

భద్రం పట్టా రెండో కొస అందుకుని పట్టుకున్నాడు.

“నేను ఇంటికొచ్చింది నువ్వు మారావనుకుని.”

“నేను మారలేదు.”

“తెలిసింది.”

“మారానని మీరనుకుంటున్నారని నాకు మధ్యలోనే తెలిసిపోయింది,” అంది కస్తూరి. ఈసారి గొంతులో పదును లేదు. “చెప్పలేదు. మీరొచ్చి తిని పడుకుంటుంటే చెప్పబుద్ధి కాలేదు. అందుకు నన్నేమన్నా అనండి. రాతకి మాత్రం అనకండి. ఆ రోజు రాసిన ప్రతి ముక్కా నాది.”

భద్రం తల ఊపాడు. అప్పుడు వకుళ వైపు తిరిగాడు.

“నువ్వెందుకు చెప్పలేదే? నేను ఫోన్ చేసి మురిసిపోతుంటే విన్నావు కదా?”

“నువ్వు సంతోషంగా ఉన్నావన్నయ్యా.”

“నా సంతోషం నేను చూసుకునేవాణ్ణి,” అన్నాడు. ఆ సాయంత్రమే బట్టలు సర్దుకుని మళ్ళీ చెరువు మీదికి వెళ్ళిపోయాడు. ఈసారి అవతలి కాలవ మీద లీజుకి తీసుకున్న చెరువుల దగ్గరికి. ఇటువైపు అతనికింకేమీ మిగల్లేదు.

*

కస్తూరి ల్యాబుకి జనం మళ్ళీ వచ్చారు. క్షమించమని ఎవరూ అనలేదు. సీసాలు బల్ల మీద పెట్టి, తల పక్కకి తిప్పుకుని నిలబడేవాళ్ళు. ఆమె వాళ్ళని ఇదివరకటికన్నా ఎక్కువ తిట్టేది. వకుళ రోజూ భీమవరం నుంచి వచ్చి సీసాలు కడిగేది, నమూనాల మీద పేర్లు అంటించేది. రమ్మని వదిన అనలేదు. రావద్దనీ అనలేదు.

ఒక ఉదయం అవతలి కాలవ నుంచి వచ్చిన నమూనాలో మళ్ళీ అదే వైరస్ తేలింది. కస్తూరి పరీక్ష ఇంకోసారి చేసి, ఫోను అందుకుని అక్కడే నిలబడి టైపు చేసింది. ఎవరి చెరువో పేరు పెట్టి రాసింది. మోటర్లు వేసేవాళ్ళ తెలివి గురించి, వాళ్ళ పూర్వీకుల తెలివి గురించి కూడా రాసింది. పంపింది.

జవాబులు క్షణాల్లో మొదలయ్యాయి. “నువ్వెవరివి మాకు చెప్పడానికి?” “ముందు నీ మొగుణ్ణి చూసుకో.” “దిక్కుమాలిన నోరు.” “మోటరు ఆపాం. నిన్ను మాత్రం దేవుడు క్షమించడు.” వకుళ భుజం మీదుగా చూస్తోంది. తిట్ల మధ్య ఆపాం, ఆపాం అన్న మాట అక్కడొకటి, ఇక్కడొకటి. అంతలో భద్రం పేరు కనిపించింది.

“మూడు మోటర్లూ ఆపేశా. తూములు మూయించా. పక్కవాళ్ళవీ ఆపిస్తున్నా. ఇంక నోరు ముయ్యి.”

ఆ మాటని ఎలా మెత్తబరచవచ్చో వకుళ బుర్ర తనంతట తనే వెతకడం మొదలుపెట్టింది. సిగ్గుపడి ఆపుకుంది.

కస్తూరి ఆ ముక్క చదివింది. మళ్ళీ చదివింది. పెదవి పంటి కింద పట్టుకుని, ఫోను బోర్లించి బల్ల మీద పెట్టింది. చేతులకి కొత్త తొడుగులు వేసుకుంటూ, వెనక్కి తిరగకుండానే అంది:

“నిలబడి చూస్తావేమే? ఇంకా పదిమంది సీసాలున్నాయి. అందుకో.”